గాజుతొట్టిలోని సముద్రము

మొన్న వైశాఖమాసమున మా పొరుగింటివారి చిన్నదానికి ఏడవ యేడు నిండినది. ఆనాడు దాని మేనమామ యొక గాజుతొట్టిని, దానికి తగిన ఉప్పునీటిని, ఆ నీటిలోనికి నిమ్మపండు చాయగల యొక చేపను తెచ్చి కానుకగా నిచ్చెను. ఆ చేప పళ్లెమువలె పలుచగా నుండి, మూతి ముందునకు సాగి, తోకమొదట తెల్లని చిన్న ముల్లు కలిగియుండెను. వీధిలోని పిల్లలందఱును వచ్చి చూచిపోయిరి. మేమును పోయి చూచితిమి. దీపము వెలిగించినపుడు ఆ తొట్టి దేవుని మందసముకంటె నెక్కువ కళగా నున్నదని ఆ యింటి ముదుసలి మురిసిపోయినది. తొమ్మిదవనాటి యుదయమున ఆ చేప నీటిపై తేలి పడియుండెను. చిన్నది యేడ్చి యేడ్చి, తుదకు మావంక చూచి, “అత్తయ్యా, అది ఎక్కడ పుట్టినది? వాళ్ల అమ్మకు తెలియునా?” అని యడిగినది.

ఆ ప్రశ్నకు మాయొద్ద నుత్తరము లేకపోయెను. చేపను అమ్మిన అంగడివానిని మేనమామ యడుగగా, “పెట్టెలలో వచ్చును, మేము అమ్ముదుము” అని మాత్రము చెప్పెనట. మేము ఇంటికి వచ్చి దొఱకిన గ్రంథములను తిరుగవేసితిమి. తెలిసికొన్నది కొంత ఆశ్చర్యమును, కొంత సిగ్గును కలిగించినది గావున సోదరీమణులతో చెప్పుకొనవలెనని తోచినది.

గాజుతొట్టిలో సముద్రజీవులను పెంచు విద్యను లోకమునకు మొదట నేర్పినవారిలో స్త్రీలుండిరన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియదు. ఝాన్ విల్‌ప్ర్యూ పవర్ అను నామె 1794లో ఫ్రాన్సుదేశమున నొక చెప్పులు కుట్టువాని యింట పుట్టినది. పారిసు నగరమునకు పోయి కుట్టుపని నేర్చి, ఒక రాచకన్య పెండ్లిదుస్తులు కుట్టి పేరు తెచ్చుకొన్నది. పెండ్లియైన పిదప సిసిలీద్వీపమున మెస్సీనాలో కాపురముండగా, అక్కడి సముద్రమున దొఱకు ఆర్గోనాట్ అను జీవిపై నామె మనసు పోయెను. కాగితమంత పలుచనైన తన గుల్లను ఆ జీవి తానే కట్టుకొనునా, లేక ఇతరుల గుల్లలో దూఱి కాపురముండునా యని పండితులు వాదులాడుచుండిరి. ఆమె వాదింపలేదు. 1832 ప్రాంతమున గాజుతొట్లు చేయించి, వానియందు సముద్రజలమును నింపి, ఆ జీవులను పెంచి, గుల్ల విఱిగినచోట అవియే అతుకు వేసికొనుటను కన్నులార చూచి చాటిచెప్పినది.

మఱియొకామె లండనులో నొక మతాచార్యుని భార్య, ఆన్నా థిన్. ఈమె 1846లో టార్కీ తీరమునుండి కొన్ని సజీవమైన పగడపు జీవులను కూజాలో బెట్టి యింటికి తెచ్చుకొన్నది. లండనులో సముద్రమెక్కడిది? తెచ్చిన నీరు రెండునాళ్లలో చెడును. అందువలన నామె పనిమనిషిచేత ఆ నీటిని తెఱచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి ప్రతిదినమును అరగంటకు మించి వంపించుచు వచ్చెనట. మనము పాలు చల్లార్చుటకు ఎత్తి పోయునట్లే! గాలిలోని ప్రాణవాయువు నీట కలిసి, ఆ జీవులు చాలకాలము బ్రతికినవి. తరువాత తొట్టిలో సముద్రపు నాచును గూడ పెంచి ఆమె ఆ శ్రమను తగ్గించినది. దొరసాని పేరు చరిత్రలో నిలిచినది. చేతులు నొచ్చునట్లు నీరు వంచిన పనిమనిషి పేరును మాత్ర మెవ్వరును వ్రాసిపెట్టలేదు.

ఇంతవఱకు కథ సొంపుగానే యున్నది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రవేత్త గాజుతొట్లను గుఱించి యొక గ్రంథము ప్రకటించెను. దానితో ఇంగ్లండున ఇంటింట తొట్టి పెట్టుట వేడుకయైపోయినది. సెలవుదినములలో దొరలును దొరసానులును బుట్టలు, సుత్తులు పట్టుకొని సముద్రతీరమున కెగబడిరి. రాతిసందులలోని నీటిగుంటలలో పూవులవలె విచ్చుకొనియున్న జీవులను పెఱికి తెచ్చుకొనిరి. వద్దనుటకు నియమము లేదు, ఇంత చాలుననుటకు లెక్క లేదు. ఆ గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాసిన యాత్మకథలో, తాను బాల్యమున తండ్రితో చూచిన ఆ నీటిగుంటల యందము జనుల తాకిడికి నశించినదని వాపోయెను. తండ్రి ప్రేమతో వ్రాసిన గ్రంథమే ఆ జీవులకు మిత్తియైనదని కొడుకు చెప్పవలసి వచ్చుట యెంత కష్టము!

మన దక్షిణదేశమున ఈ వింతను ప్రజలకు చూపిన మొదటి మత్స్యశాల 1909లో మదరాసు సముద్రతీరమున వెలసినది. అప్పటి తెలుగు కుటుంబములు చెన్నపట్టణము పోయినపుడు అదియు నొక తప్పక చూడవలసిన చోటు. చూచి వచ్చుట వేఱు, ఇంటికి తెచ్చుకొనుట వేఱు. ఇంటికి తెచ్చుకొను కోరిక పెరిగిన కొలదిని పట్టువారు పెరిగిరి. పట్టువారు పెరిగినచోట నియమములు పుట్టక తప్పలేదు. ఆ నియమములు ఎట్లు పుట్టునో, ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు హవాయిని మించిన పాఠశాల లేదు. మా పొరుగింటి పసుపుచేప జాతికి అదియే పుట్టినిల్లు వంటిది.

పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి ద్వీపములలో పెద్దదానికి పడమటి తీరమున కోనా యను సీమ గలదు. అక్కడి నీరు నిర్మలము, పగడపు దిబ్బలు విస్తారము. ఆ దిబ్బలపై పగటివేళ మందలు మందలుగా పసుపుచేపలు పాచిని మేయుచుండును. పాచి పెరిగి పగడమును కప్పివేయకుండ కాచునవి ఇవియే. మన పొలములో కలుపుతీయు కూలివారివంటివి. అక్కడివారు దీనిని లావుఈపాలా అందురు. తీ యను మొక్కయొక్క పండుటాకు అని దాని యర్థమట. ఈ చేప సముద్రమున నలుబది యేండ్లకు మించియు బ్రతుకగలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నలుబదియేండ్లు! మా పొరుగింట తొమ్మిది దినములు.

పట్టు విధానము ఇట్లుండును. మునుకలు వేయువారు సన్నకన్ను వలను దిబ్బకడ్డముగా కంచెవలె నిలిపి, చేపలను దానివైపునకు తఱుముదురు. చేపను లోతునుండి వెంటనే పైకి తెచ్చినచో దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బి ప్రాణము తీయును. కావున మెల్లమెల్లగా పైకి తెత్తురు. తొందరపడువారు సన్నని సూదితో గ్రుచ్చి గాలి తీయుదురు. దూరదేశములకు పంపుటకు ముందు చేపలను పస్తుంచి, నీరు చెడకుండునట్లు చూచి, ప్రాణవాయువు నింపిన సంచులలో కట్టి విమానమెక్కింతురు.

హవాయిలో సన్నకన్ను వలలు వాడరాదని సామాన్యనియమము. 1953లో అప్పటి శాసనసభవారు, తొట్టిచేపలు పట్టువారికి మాత్రము అనుమతిపత్రముపై ఆ వలలను వాడుకొనవచ్చునని చట్టము చేసిరి. ఆ కాలమున పట్టువారు కొలదిమంది. క్రమముగా విమానములు పెరిగినవి, వర్తకము పెరిగినది. ఏటేటా రెండు మూడు లక్షల పసుపుచేపలు కోనాతీరమునుండి వెడలసాగినవి. తీరమున చూపఱులను పడవలపై తీసికొనిపోయి దిబ్బలను చూపి జీవించువారు, “నిన్నటి చేపలు నేడు లేవు” అని మొఱపెట్టిరి. పట్టువారు, “సముద్రము తరుగునా?” అనిరి. రెండు పక్షములకును కోపమే గాని కొలత లేదు.

అంతట బ్రయన్ టిస్సో, లియాన్ హాలకర్ అను శాస్త్రజ్ఞులు పట్టుచోట్లను, పట్టని చోట్లను ప్రక్కప్రక్కన బెట్టి చేపలను లెక్కించిరి. పరీక్షించిన పది జాతులలో ఏడు జాతులు పట్టుచోట్ల స్పష్టముగా తగ్గియుండెను. తరుగుదల నూటికి 38 మొదలు 75 వఱకు. పసుపుచేప నూటికి 47. ఈ లెక్కలు 2003లో ప్రకటింపబడినవి గాని, అంతకుముందే 1998లో శాసనసభ కదలి 306వ చట్టమును చేసినది. పడమటి తీరపు జలములలో నూటికి 30 వంతులకు తక్కువ కాకుండ తొట్టిచేపలు పట్టరాని చోట్లుగా నుంచవలెనని దాని సారాంశము.

ఆ ముప్పదివంతులు ఏవి? ఇక్కడ ఆ చట్టమునకు మేము చేయెత్తి మ్రొక్కుదుము. రాజధానిలో కూర్చుండి పటముపై గీతలు గీయక, ఊళ్లవారిని, జాలరులను, మునుకలు వేయువారిని, తొట్టిచేపలు పట్టువారిని సైతము ఒక సభగా కూర్చి, చోట్లను వారిచేతనే నిర్ణయింపజేసిరి. తగవులు పడియే యుందురు; అయినను తొమ్మిది చోట్లు నిర్ణయమై 1999 సంవత్సరము చివర నియమము అమలునకు వచ్చినది. అంతకుముందే కాపుగల చోట్లతో కలిపి తీరములో నూటికి 35 వంతులు పట్టునకు మూతపడెను. ఆ చోట్లలో పసుపుచేప మఱల వృద్ధి పొందినది.

మూసిన చోటివలన తెఱచిన చోటికి లాభమేమి యని సందేహము కలుగవచ్చును. ఈ చేప గ్రుడ్లు నీటిలో తేలును. పిల్లలు కంటికి కనబడనంత చిన్నవై, సుమారు రెండు నెలలు ప్రవాహమున కొట్టుకొనిపోయి, పిమ్మట ఏదో యొక దిబ్బపై దిగును. 2010లో శాస్త్రజ్ఞులు తల్లిదండ్రులను, పిల్లలను సంతానలక్షణములనుబట్టి పోల్చిచూడగా, కొన్ని పిల్లలు పుట్టినచోటికి 15 మొదలు 184 కిలోమీటర్ల దూరమున స్థిరపడినట్లు తేలినది. మనము బీరపాదున మంచికాయనొకదానిని కోయక విత్తనమునకై విడుతుము గదా! ఇచట తీరములో మూడవవంతును విత్తనమునకై విడిచినట్లయినది. గింజ ఒకచోట, మొలక వేఱొకచోట.

2013 చివర మఱికొన్ని నియమములు వచ్చినవి. పడమటి తీరమున 40 జాతులను మాత్రమే పట్టవచ్చును, జాబితాలో లేనిది ముట్టరాదు. పసుపుచేపలలో నాలుగున్నర అంగుళములకు మించినవి దినమునకు అయిదు, రెండంగుళములకు లోబడినవి అయిదు, అంతకు మించి పట్టరాదు. పెద్దవి గ్రుడ్లు పెట్టునవి, చిన్నవి బ్రతుకజాలనివి అని దీనిలోని యూహ. చేపలు పట్టు నియమములనగా “చిన్నది విడువుడు” అనుటయే మనమెఱుగుదుము. ఇక్కడ పెద్దదానిని గూడ విడువుమనుట క్రొత్త. కాని తల్లికోడిని కోసికొని పిల్లలను పెంచు గృహిణి ఎక్కడ నున్నది?

ఇంతటితో శాంతి కలుగలేదు. రెనీ అంబర్గర్ అను స్త్రీయు, మఱికొందఱును 2012లో వ్యాజ్యము వేసిరి. అనుమతిపత్ర మిచ్చుటకు ముందు, దానివలన సముద్రమునకు కలుగు నష్టమును పరిశీలించి వ్రాతమూలముగా తెలుపవలెనను చట్టముండగా, ఒక్క పత్రమునకును ఆ పరిశీలన జరుగలేదని వారి వాదము. పత్రమిచ్చుట కేవలము లేఖకుని పనియే గాని నిర్ణయము గాదని ప్రభుత్వశాఖవారి జవాబు. 2017 సెప్టెంబరున ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు వ్యాజ్యము వేసినవారి పక్షమున తీర్పు చెప్పినది. సన్నకన్ను వలల పత్రములు చెల్లకపోయెను. కొందఱు వేఱు వలలతో పట్టుచుండగా, 2021 జనవరిలో పరిశీలన ముగియువఱకు వర్తకమునకై ఏ సాధనముతోను పట్టరాదని మఱియొక తీర్పు వచ్చినది. పరిశీలనపత్రము వర్తకులు వ్రాయించి తెచ్చుటయు, 2020లో తిరస్కరింపబడుటయు, దిద్ది మఱల తెచ్చుటయు, 2021లో సభ్యులు సరిసమానముగా చీలిపోగా అది తనంతట తానే అంగీకృతమైనట్లు లెక్కకు వచ్చుటయు జరిగినవి. ఆ వెంటనే మఱల న్యాయస్థానమే.

పట్టువారి మాటను గూడ చెప్పకుండుట న్యాయము కాదు. మూసిన చోట్లలో చేపలు పెరిగినవని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచుండగా, నియమమును పాటించిన మా నోటికాడ కూడు తీయుట యేల యని వారడిగిరి. ఆ ద్వీపపు ఆదివాసులలో పెక్కుమంది, ఆకలికి చేపను పట్టుట ఎఱుగుదుము గాని, ఎవరి ముందుగదికో అలంకారముగా పంపుట మా పెద్దల ధర్మములో లేదనిరి. ఈ రెండు మాటలలో రెండవదానివైపే మా మనసు మొగ్గుచున్నది. మొదటిదానికి సరియైన జవాబు మాత్రము మాకును తోచలేదు.

ఫ్లోరిడాలో నియమము వేఱు. పట్టిన అలంకారజీవిని ప్రాణముతోనే ఒడ్డు చేర్చవలెను. పడవలో దానికి తగిన నీటితొట్టి యుండవలెను. వేడుకకు పట్టుకొనువాడు దినమునకు ఇరువదింటికి మించి తీయరాదు. ఫిలిప్పీను ద్వీపములలో 1960 ప్రాంతమున పుట్టిన ఘోరమును తలచుకొన్నచో ఈ నియమములు దేవతలవంటివి. అక్కడ కొందఱు సైనైడు విషమును నీటిలో కలిపి దిబ్బల సందులలోనికి చిమ్ముచుండిరి. చేప మత్తుపడి చేతికి చిక్కును. వెనుకనున్న పగడము చచ్చును. చిక్కిన చేపయు లోలోపల దెబ్బతిని, చూడ చక్కగానే యుండి, కొన్నవారి యింట కొన్నాళ్లకు కన్నుమూయును. 1975లోనే అక్కడ చట్టము దానిని నిషేధించినది. కాని సముద్రము పెద్దది, కావలివారు కొందఱు.

అన్ని చేపలకు నొకే నియమము సరిపడదనుటకు ఇండొనీషియాలోని బంగ్గాయి ద్వీపముల చేప సాక్ష్యము. నలుపు తెలుపు చారలతో, చుక్కలతో చూపునకింపైన యీ చిన్ని చేపను 1933లో పండితు డొకడు వర్ణించి విడిచెను. 1990 తరువాత లోకము మఱల దానిని చూచినది. చూచినదే తడవుగా వర్తకము మొదలైనది. ఈ జాతిలో తల్లి గ్రుడ్లు పెట్టి తప్పుకొనును. తండ్రి వానిని నోటనుంచుకొని, పిల్లలు వెలికివచ్చి ఈదనేర్చువఱకు ఇంచుమించు నెలదినములు తిండి మాని మోయును. మన యిండ్లలోని మగవారికి ఈ పేరాను చదివి వినిపింపవచ్చును. ఇంతటి తండ్రి ప్రేమయే దాని ప్రాణము మీదికి తెచ్చినది. పిల్లలు ప్రవాహమున దూరము పోవు. పుట్టిన చోటనే ముళ్లజీవుల నడుమ పెరుగును. కావున ఒకచోట పట్టివేసినచో వేఱుచోటినుండి వచ్చి నింపునది లేదు. అంతరించు ప్రమాదము గల జాతిగా 2007లో దానిని లెక్కించిరి. అదే యేడు అంతర్జాతీయ వర్తకపు ఒప్పందములో దానిని చేర్చవలెనని తెచ్చిన ప్రతిపాదనను మాత్రము వెనుకకు తీసికొనిరి.

ఆ యొప్పందపు రక్షణను పొందినది మఱియొక తండ్రి: సముద్రపు గుఱ్ఱపుచేప. దీని మగది కడుపుసంచిలో పిల్లలను మోసి కనును. ఏ దేశమైనను దీనిని ఎగుమతి చేయునపుడు సముద్రములోని జాతికి హాని లేదని తేల్చుకొనవలెనని 2002లో నిశ్చయించి, 2004నుండి నడపుచున్నారు. మన దేశము అంతకంటె కఠినముగా నడచినది. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టపు మొదటి పట్టికలో 2001లో గుఱ్ఱపుచేపలను, పగడపు జాతులను, సముద్రపు దోసకాయలను చేర్చిరి. పులికి గల రక్షణయే వీనికిని. పట్టినను, అమ్మినను, ఇంటనుంచినను నేరము. శిక్ష మూడేండ్లకు తగ్గని చెఱ, ఏడేండ్లవఱకు పోవచ్చును. 2022 సవరణతో జరిమానా యిరువదియైదువేల రూపాయలకు తగ్గకుండ హెచ్చించిరి.

ఇక్కడ సోదరీమణులు తమ అద్దాల బీరువాను ఒకసారి తెఱచి చూచుకొనవలెను. రామేశ్వరయాత్ర పోయివచ్చిన పెద్దలు తెచ్చిన తెల్లని కొమ్మలవంటి పగడము మనలో కొందఱి యిండ్లలో నుండును. అది ఱాయి కాదు; వేలకొలది జీవులు కట్టుకొన్న యిల్లు. ఆ సముద్రమున ఒకప్పుడు సున్నమునకై పగడమును బండ్లకొలది త్రవ్విరి. 1986లో మన్నారు సింధుశాఖలోని 21 దీవులను చుట్టుజలములతో కూడ జాతీయోద్యానముగా ప్రకటించిరి. తాళిలో నల్లపూసలతో గ్రుచ్చుకొను ఎఱ్ఱపగడమును గుఱించి భయపడి ఎవరును మాకు జాబులు వ్రాయనక్కఱలేదు. అది తరతరములుగా మధ్యధరా సముద్రమునుండి వచ్చుచున్న వేఱు జాతి.

పట్టుట తగ్గవలెనన్న పెంచుట నేర్వవలెను. క్లౌను చేపలను తొట్టిలో పుట్టించి పెంచుట చాలకాలముగా నడచుచున్నది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారును ఆ విద్యను సాధించిరి. పసుపుచేప మాత్రము మొండికెత్తినది. దాని పిల్లల నోరు ఎంత చిన్నదనగా, ఏ ఆహారమును పట్టదు. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వారు యేండ్లతరబడి శ్రమించి, సూక్ష్మమైన సముద్రపు పురుగులను పెంచి మేపి, 2015లో మొదటిసారి వానిని పెద్దవి చేయగలిగిరి. మన లక్షద్వీపములలో అగత్తి దీవియందు ఈ మధ్య మత్స్యశాస్త్రజ్ఞులు అక్కడి స్త్రీలకు అలంకారపు రొయ్యలను తొట్లలో పుట్టించి పెంచుట నేర్పిరి. దిబ్బపై చేయివేయకుండనే వారికి నాలుగు రాళ్లు చేతికి వచ్చు మార్గమిది. తొట్టి పెట్టినది మొదట నొక కుట్టుపని స్త్రీ గదా, ఆ తొట్టి యిప్పుడు ద్వీపస్త్రీల చేతికి వచ్చుట మాకు ముచ్చటగా నున్నది.

ఈ సంగతులన్నియు మా పొరుగింటామెకు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడక, “అయితే ఆ యంగడివానిని ఏమని యడుగవలెనమ్మా?” అన్నది. ఎక్కడ పట్టినదని కాదు, పట్టినదా పుట్టించినదా యని అడుగుమంటిమి. పుట్టించినదన్నచో ఎవరు పుట్టించిరో చెప్పుమనవలెను. కొనుటకు ముందు మనయెదుట మేత వేయించి, అది తినుట చూడవలెను. గుఱ్ఱపుచేపనో సజీవపగడమునో చూపినచో మాఱుమాట లేక మెట్లు దిగవలెను.

ఆమె ఉప్పునీటిని పాఱబోసి, తొట్టిని చింతపండుతో తోమి, మంచినీరు పోసినది. ఊరిలోనే యొక కళాశాల విద్యార్థి తన యింటి మేడపై కుండీలలో పెంచు గప్పీ చేపలను మూడింటిని తెచ్చి విడిచినది. నెల తిరుగకముందే అందొకటి పిల్లలను పెట్టినది. చిన్నది బడినుండి రాగానే పలకయు బలపమును పట్టుకొని తొట్టిముందు కూర్చుండుచున్నది. నిన్నటికి పదునాలుగు లెక్కకు వచ్చినవట. అవి కదలకుండ నిలువవు గనుక మేము లెక్కించినపుడు పండ్రెండే తేలినవి.